అచ్చయిన ప్రపంచాన్ని మన టేబుల్‌కి తగ్గట్టు మార్చుకోవడం: ఏ తీగ లాగాలి, ఏది వదిలేయాలి

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీరు ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత ప్రపంచం పుస్తకం కొన్నారు. నలుగురు ప్లేయర్లతో, డైస్ వేస్తూ పాత్రలుగా కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్‌లో ఒక క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) మొదలుపెట్టబోతున్నారు. ప్రపంచం నచ్చింది గానీ మూడు విషయాలు మింగుడు పడటం లేదు. చచ్చినవాళ్ళు డబ్బుంటే చాలు లేచి వచ్చేయడం ఒకటి. లెక్కకు మించిన దేవుళ్ళు రెండోది. ఎక్కడ ఏ ఆపద వచ్చినా చిటికెలో తీర్చేయగల ఎల్మిన్‌స్టర్ లాంటి మహా మాంత్రికులు మూడోది. పైగా మీ నలుగురిలో ఒకాయన ఆ నవలలన్నీ చదివేసి కూర్చున్నాడు. "ఇవన్నీ మార్చేస్తే ఇంక అది రెల్మ్స్ ఎలా అవుతుంది?" అని ఆయన అడిగేసరికి మీరు ఆగిపోయారు.

మార్చండి. ఇరవై ఏళ్ళుగా డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) కుర్చీలో కూర్చుంటున్నాను, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా నడిపిన క్యాంపెయిన్ ఒక్కటీ లేదు. నాకే కాదు, ఎవరికీ ఉండదు. కాకపోతే ఏది మారిస్తే ఏది కదులుతుందో ముందు చూసుకోవాలి, ఆ మార్పు ఎవరికి తగులుతుందో వాళ్ళకి ముందే చెప్పాలి. నేను దెబ్బతిన్నదల్లా ఈ రెండు దగ్గరే.

అనుమతి గురించైతే బెంగ అక్కర్లేదు. ఈ ప్రపంచాలు రాసినవాళ్ళే మనకి చోటు వదిలారు. ఎడ్ గ్రీన్‌వుడ్ సృష్టించిన రెల్మ్స్ 1987లో బూడిద రంగు పెట్టెలో వచ్చినప్పుడు, సెంబియా అనే వర్తకుల దేశాన్ని కావాలనే డీఎంల కోసం ఖాళీగా ఉంచారు. (తర్వాత అక్కడా నవలలు రాసి నింపేశారు, అది వేరే గొడవ.) గ్రెగ్ స్టాఫర్డ్ ప్రపంచం గ్లొరాంథా ఆడేవాళ్ళలో 'మీ గ్లొరాంథా వేరేగా ఉంటుంది' అనే మాట ఒక నానుడి అయిపోయింది. 1983లో వచ్చిన హార్న్ అనే ప్రపంచమైతే తన లెక్కలో 720వ సంవత్సరం దగ్గర కాలాన్ని ఆపేసింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఏ పుస్తకమూ చెప్పదు, ఆడేవాళ్ళే తేల్చుకోవాలి. కీత్ బేకర్ ప్రపంచం ఎబెరాన్ 2004లో వచ్చింది, 2019లో ఐదో ఎడిషన్ కోసం మళ్ళీ రాశారు, అయినా కథ 998 దగ్గరే ఉంది. ఆ ప్రపంచంలో సైర్ అనే దేశం 994లో ఎందుకు తుడిచిపెట్టుకుపోయిందో అధికారికంగా చెప్పబోమని ముందే తేల్చేశారు. అది డీఎంకి వదిలేసిన ప్రశ్న.

మీ స్నేహితుడు పట్టుకున్న 'అసలు రెల్మ్స్' సంగతి చూద్దాం. అసలుది అంటే ఏది? పెట్టెలో వచ్చినప్పుడు అక్కడ సంవత్సరం 1357. మరుసటి ఏడాదే దాదాపు దేవుళ్ళందరినీ నేల మీదికి నెట్టేశారు. 1385లో స్పెల్‌ప్లేగ్ వచ్చి మంత్రశక్తే చెదిరిపోయింది. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చేసరికి కాలం 1479కి దూకింది, కొన్ని దేశాలు మ్యాప్ మీద కనపడకుండా పోయాయి. ఐదో ఎడిషన్‌లో వాటిలో చాలా మళ్ళీ వెనక్కి వచ్చాయి. మంత్రాలకు దేవత అయిన మిస్ట్రానే తీసుకోండి. 1358లో ఒకసారి చచ్చింది, ఆవిడ స్థానంలోకి ఒక మనిషి వెళ్ళింది, 1385లో ఆవిడనీ చంపేశారు, కొన్నాళ్ళకి మళ్ళీ మిస్ట్రా ఉంది. "మిస్ట్రా బతికే ఉందా?" అంటే "ఏ సంవత్సరంలో?" అని ఎదురు అడగాల్సిందే. కంపెనీయే ఇన్నిసార్లు మార్చుకున్న ప్రపంచాన్ని మీరు ముట్టుకోకూడదంటే ఎలా?

అందుకే నేను అందరికీ చెప్పే మొదటి పని సంవత్సరం ఎంచుకోవడం. ఇది చాలామంది మార్పు కింద లెక్కేయరు గానీ, ఒక్క అంకెతో సగం పని అయిపోతుంది. 1357 అంటే పుస్తకం తర్వాత రాసిన ఉపద్రవాలేవీ ఇంకా జరగలేదు. జరగాలని రూలూ లేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే మీరు అటే వెళ్తున్నట్టు అనిపిస్తోంది.

నా రెండో క్యాంపెయిన్‌కి దేవుళ్ళ జాబితా నచ్చలేదు. రెండు నెలలు కూర్చుని మొత్తం తిరగరాశాను. కొత్త పేర్లు, కొత్త పండుగలు, ఎవరికి ఎవరితో పగ, ఏ గుడి గోపురం ఏ ఆకారంలో ఉంటుంది, ఇలా నలభై పేజీలు. మొదటి సెషన్‌లో ఎవరూ గుడి ముఖం చూడలేదు. మూడో సెషన్‌లో ఒకసారి చూశారు, గాయాలకు మందు కొనడానికి. నేను ఆ పూజారి చేత అర పేజీ పురాణం చెప్పించబోతే ఒకడు మధ్యలో ఆపి, "అన్నా, పోషన్ ఎంత?" అన్నాడు. నలభై పేజీలకీ దక్కిన స్పందన అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

అదే క్యాంపెయిన్‌లో నేను ఒక్క వాక్యంతో చేసిన మార్పు మాత్రం టేబుల్‌ని తగలబెట్టింది. ఆరో సెషన్‌లో, వాళ్ళు నా ముట్టడి కథ నుంచి తేలిగ్గా తప్పించుకోబోతుంటే, "ఈ దేశంలో టెలిపోర్ట్ పనిచేయదు" అనేశాను. ఆ మాట అప్పుడే పుట్టింది. విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడుతున్న అబ్బాయి అంతకు ముందు వారమే లెవెల్ పెరిగి, ఎంతో ఆలోచించి, చిటికెలో వేరే చోటికి చేర్చే ఆ స్పెల్ (మంత్రం) తీసుకున్నాడు. ఏమీ అనలేదు, డైస్ సంచీలో వేసుకున్నాడు. తర్వాత రెండు వారాలు రాలేదు. పనిచేయదన్న విషయం అంత పెద్ద తప్పు కాదు. మొదటి రోజే చెప్పి ఉంటే వాడు వేరే స్పెల్ తీసుకునేవాడు, ఆ దేశం అంటే ఒక భయం కూడా ఉండేది. నాకు ఇబ్బంది వచ్చినప్పుడు పుట్టించిన రూల్ కాబట్టి వాడికి అది మోసంలా అనిపించింది, సరిగ్గానే అనిపించింది.

నలభై పేజీలు ఎవరికీ తగల్లేదు, ఒక్క వాక్యం నేరుగా వాడి పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్‌కి తగిలింది. ఒక మార్పు పెద్దదా చిన్నదా అన్నది మీరు దాని మీద ఎంత రాశారో చూస్తే తెలియదు, ప్లేయర్ల చేతిలో ఉన్నవాటిలో ఎన్నిటిని అది కదిలిస్తుందో చూడాలి.

మీరు అడిగిన మూడింటిలో చావు సంగతి దగ్గరే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే డొంకంతా ఉన్నది అక్కడే.

'చచ్చినవాళ్ళు లేవడం తీసేస్తున్నాను' అని ప్రకటించడం తేలిక. కానీ క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి పాత్ర) ఆడేవాళ్ళు, చచ్చినవాళ్ళని లేపే స్పెల్స్ కోసం, ఐదో లెవెల్‌లో రివివిఫై వస్తుందని, తొమ్మిదిలో రెయిజ్ డెడ్ వస్తుందని ఎదురుచూస్తుంటారు. వాటిని కొట్టేస్తే ఆ క్లాస్ (పాత్ర రకం)లో ఒక ముక్క కోసేసినట్టే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఆ స్పెల్స్ కింద రాసి ఉన్న సామగ్రి చూడండి. రివివిఫైకి 300 బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు, అదీ చచ్చిన నిమిషం లోపు. రెయిజ్ డెడ్‌కి 500 విలువైన వజ్రం, పది రోజుల గడువు. రిసరెక్షన్‌కి 1,000, నూరేళ్ళ లోపు. ట్రూ రిసరెక్షన్‌కి ఏకంగా 25,000, రెండొందల ఏళ్ళ లోపు. అన్నిటికీ వజ్రాలే, వాడాక అవి మిగలవు. అంటే ఈ ప్రపంచంలో చావుని శాసించేది దేవుడి కంటే ముందు వజ్రాల వ్యాపారి. రూల్స్ పుస్తకంలో ఒక్క అక్షరం ముట్టుకోకుండా, 'వజ్రాలు దొరకవు' అన్న ఒక్క మార్పుతో మీకు కావాల్సింది వస్తుంది. స్పెల్ ఉంటుంది, క్లెరిక్‌కి వస్తుంది, వేయాలంటే మాత్రం రాయి కావాలి.

ఇప్పుడు తీగ లాగి చూద్దాం. నేనైతే ఒక కాగితం తీసుకుని, 'దీనివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరికి నష్టం, ఎవరు దొంగతనంగా చేస్తున్నారు' అని మూడు ప్రశ్నలు రాసుకుంటాను. ఒక్కోదానికీ రెండేసి వాక్యాల జవాబు చాలు.

బాగుపడింది రాళ్ళు చేతిలో ఉన్నవాళ్ళు. గనులు మరుగుజ్జుల దగ్గర ఉన్నాయనుకుందాం, కొనేది మాత్రం ఒకే వర్తక కుటుంబం. ఆ కుటుంబం ఎవరికి అమ్మితే వాళ్ళ కొడుకు బతుకుతాడు. రాజుల కంటే వాళ్ళకే ఎక్కువ మంది దండాలు పెడతారు. నష్టపోయింది పూజారులు. చేతిలో స్పెల్ ఉంది, గుమ్మం ముందు బిడ్డను ఎత్తుకుని తల్లి నిలబడింది, రాయి లేదు. అలాంటి పూజారి ఒక పదేళ్ళలో ఎలా మారతాడో మీరే ఊహించుకోండి, మీ ఎన్‌పీసీ (డీఎం ఆడించే పాత్ర) తయారైపోయాడు. ఇక దొంగతనంగా చేసేవాళ్ళు: సమాధులు తవ్వేవాళ్ళు, నకిలీ రాళ్ళు అమ్మేవాళ్ళు, నగల్లోంచి రాళ్ళు ఊడదీసే సేవకులు.

ఇక్కడే ఇంకో స్పెల్ మీ కథ చేతికి వస్తుంది. జెంటిల్ రిపోజ్ రెండో లెవెల్‌దే. శవం మీద చిటికెడు ఉప్పు, రెండు కళ్ళ మీదా ఒక్కో రాగి నాణెం పెట్టి వేస్తే పది రోజులు కుళ్ళదు, ఆ పది రోజులూ రెయిజ్ డెడ్ గడువులోకి లెక్కకు రావు. వజ్రం దొరకని ప్రపంచంలో ధనవంతులు ఏం చేస్తారు? శవాన్ని అలా కాపాడుకుంటూ, పది రోజులకోసారి మళ్ళీ స్పెల్ వేయించుకుంటూ, రాయి కోసం వెతుకుతారు. నెలల తరబడి. ఒక ఇంట్లో వారసుడు చావలేదు, బతికీ లేడు, ఆస్తి ఎవరిది? ఈ ఒక్క ప్రశ్న మీద నేను ఎనిమిది సెషన్లు నడిపాను.

మీరు అనుకోని చోట కూడా తీగ కదులుతుంది, చూసుకోండి. క్రోమాటిక్ ఆర్బ్ అనే మొదటి లెవెల్ స్పెల్‌కి 50 నాణేల వజ్రం కావాలి. అది ఖర్చయిపోదు గానీ చేతిలో ఉండాలి. గ్రేటర్ రిస్టొరేషన్‌కీ, స్టోన్‌స్కిన్‌కీ వజ్రపు పొడి కావాలి. గ్లిఫ్ ఆఫ్ వార్డింగ్‌కీ అంతే. మీ టేబుల్‌లో ఎవరైనా సోర్సరర్ (పుట్టుకతో మంత్రశక్తి ఉన్న పాత్ర) క్రోమాటిక్ ఆర్బ్ తీసుకోబోతుంటే వాళ్ళకి ముందే చెప్పి, "ఆ చిన్న రాయి మీ అమ్మమ్మ ఇచ్చిందా, కొట్టేశావా?" అని అడగండి. నష్టం అనుకున్నది కాస్తా ఆ క్యారెక్టర్ కథగా మారుతుంది. చెప్పకుండా ఉంచి మూడో సెషన్‌లో బయటపెడితే, నా టెలిపోర్ట్ గొడవే మీకూ.

ఇంత దూరం వచ్చాక మీకు ఇంకో సంగతి తట్టాలి. వర్తక కుటుంబం కావాలి, వర్తకుల దేశం కావాలి, పుస్తకం దాని గురించి పెద్దగా చెప్పకుండా ఉండాలి. సెంబియా అక్కడే ఉంది, ఖాళీగా.

దేవుళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఎవరినీ చంపొద్దు, ఎవరినీ తీసేయొద్దు, ఊరికే మాట్లాడటం మానేయండి. మీ ప్లేయర్లు ఎంచుకున్న దేవుళ్ళు, మొదటి ఊళ్ళో ఉన్న ఒకటో రెండో గుళ్ళు, అంతే. మిగతా వంద మంది పుస్తకంలో ఉంటారు, ఆటలో ఉండరు. ఎవరైనా అడిగితే "వాళ్ళని ఇక్కడ కొలవరు" అంటే సరిపోతుంది. దేవుళ్ళు కళ్ళెదుట తిరిగే వాతావరణమే నచ్చకపోతే ఎబెరాన్ పద్ధతి అరువు తెచ్చుకోండి. అక్కడ దేవుళ్ళు దిగిరారు, ఉన్నారో లేదో ఎవరూ నిరూపించలేరు, అయినా క్లెరిక్‌లకు స్పెల్స్ వస్తాయి. 1991లో వచ్చిన డార్క్ సన్ అనే ప్రపంచం ఇంకో అడుగు ముందుకు వెళ్ళి దేవుళ్ళే లేకుండా చేసింది, క్లెరిక్‌లు నిప్పు, నీరు లాంటి భూతాల నుంచి శక్తి తెచ్చుకుంటారు. మీకు అంత అక్కర్లేదనుకుంటాను.

ఎల్మిన్‌స్టర్ మాత్రం ఆసక్తికరమైన సమస్య. ఏ ప్లేయరైనా ఎప్పుడో ఒకప్పుడు అడుగుతాడు: "ఇంత పెద్ద ప్రమాదం ఉంటే ఆయన రాడేం?" 'వేరే పనిలో ఉన్నాడు' అన్న జవాబు ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి నవ్వుతారు. చంపేయొచ్చు, కానీ నవలలు చదివిన మీ స్నేహితుడికి అది గుండెల్లో గుచ్చుకుంటుంది. దానివల్ల మీకు వచ్చేది కూడా ఏం లేదు.

ఎబెరాన్‌లో దీనికి చక్కటి ఉపాయం ఉంది. అక్కడి ఒక పెద్ద మతానికి అధిపతి జయెలా డారన్ అనే చిన్న పిల్ల. ఫ్లేమ్‌కీప్ అనే నగరంలో ఉన్నంతసేపూ ఆ పాప శక్తికి ఎదురులేదు, అది దాటి బయటికి వస్తే మామూలు చిన్న క్లెరిక్. ఇంకొక మహా డ్రూయిడ్ (ప్రకృతిని కొలిచే మాంత్రికుడు) ఉన్నాడు, ఆయన ఒక చెట్టు. ఉన్నచోటు వదిలి రాడు. రెండు చోట్లా శక్తి ఉంది, దాని కాళ్ళు మాత్రం కట్టేసి ఉన్నాయి. సలహా కావాలంటే వెళ్ళొచ్చు, యుద్ధానికి పిలుచుకురాలేరు. ఇదే ఎల్మిన్‌స్టర్‌కి తొడిగి చూడండి. ఆయన ఊరు షాడోడేల్. ఆ లోయ దాటితే ఆయన దగ్గర పైపు, గడ్డం, జ్ఞాపకాలు తప్ప ఏమీ ఉండవు. ఈ సంగతి ఆయనకి తెలుసు, ఇంకో ఇద్దరికి తెలుసు. లోకం మాత్రం ఆయన ఎక్కడికైనా రాగలడనే నమ్ముతోంది, శత్రువులు కూడా ఆ నమ్మకంతోనే అడుగు వెనక్కి వేస్తున్నారు. మీ ప్లేయర్లకి ఈ రహస్యం పదో సెషన్‌లో తెలిసిందనుకోండి. మీ స్నేహితుడి మొహం చూడాలని నాకే ఉంది.

ఈ మార్పులో ఒక లాభం ఉంది, గమనించారా? బయటికి ఏమీ మారలేదు. పుస్తకం చదివినవాడికి ఎల్మిన్‌స్టర్ పుస్తకంలో ఉన్నట్టే కనపడతాడు. పుస్తకంలో రహస్యంగా ఉన్నవాటిని మార్చడం అన్నిటికంటే తేలిక. వాటర్‌డీప్‌ని పాలించే లార్డ్స్ మాస్కులు వేసుకుంటారు, ఒక్కరి మొహమే జనానికి తెలుసు. మాస్కుల వెనక ఎవరున్నారో పుస్తకంలో పేర్లు ఉండొచ్చు, మీరు ఆ పేర్లు పూర్తిగా కొట్టేసినా నగరంలో ఒక్క ఇటుక కదలదు. మూసి ఉన్న సమాధులు, తండ్రి పేరు తెలియని రాకుమారులు, ఎవరు రాశారో తెలియని ఉత్తరాలు కూడా ఇలాంటివే. నేను కొత్త సెట్టింగ్ పుస్తకం కొంటే పెన్సిల్‌తో ముందు గీత గీసేది ఇలాంటి వాక్యాల కిందే. రేవెన్‌లాఫ్ట్ అనే భయానక ప్రపంచమైతే దీన్ని ఆటలోనే కలిపేసింది. 2016లో వచ్చిన అడ్వెంచర్‌లో స్ట్రాడ్ అనే రక్తపిశాచిని ఎదుర్కొనే వస్తువులు ఎక్కడ దాచి ఉన్నాయో మీరు తీసే పేక ముక్కలే నిర్ణయిస్తాయి. చదివేసిన ప్లేయర్‌కి కూడా తెలియదు.

ఆ చదివేసిన ప్లేయర్ సంగతికి వద్దాం. డీఎంలు ఇలాంటివాళ్ళని చూసి టెన్షన్ పడతారు, కొందరు పగ కూడా పెంచుకుంటారు. నాకు తెలిసిన ఒకతను, పుస్తకం చదివినవాళ్ళని బోల్తా కొట్టించాలనే ఉద్దేశంతోనే మంచి డ్రాగన్‌ని చెడ్డదిగా మార్చాడు. క్యారెక్టర్ నమ్మి దగ్గరికెళ్ళింది, చచ్చింది. ప్లేయర్ అడిగిన ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు: "నా క్యారెక్టర్ ఈ దేశంలో పుట్టి పెరిగింది కదా, దానికి తెలియదా?" నిజమే. క్యారెక్టర్‌కి తెలిసి ఉండాల్సింది ప్లేయర్‌కి చెప్పకపోతే అది మలుపు అనిపించుకోదు.

నేను చేసేది ఇది. మొదటి సెషన్‌కి ముందు ఒక్క పేజీ పంపిస్తాను. పైన, 'ఈ కింది విషయాలు తప్ప మిగతా అంతా పుస్తకంలో ఉన్నట్టే అనుకోండి' అని ఉంటుంది. కింద ఐదారు వాక్యాలు. మీ విషయంలో ఇలా ఉండొచ్చు: సంవత్సరం 1357. వజ్రాలు చాలా అరుదు, అందరికీ తెలిసిన సంగతే ఇది. దేవుళ్ళు ఎవరి కంటా పడరు. సెంబియా గురించి మీరు చదివిందేదీ నమ్మొద్దు. 1357 తర్వాత నవలల్లో జరిగింది ఇక్కడ జరగొచ్చు, జరగకపోవచ్చు. అంతే. ఎల్మిన్‌స్టర్ గురించి రాయరు, ఎందుకంటే క్యారెక్టర్లకి అది తెలియదు.

తర్వాత మీ స్నేహితుడికి విడిగా ఫోన్ చేయండి. "నువ్వు చదివినదంతా వృథా కాదు. నీ క్యారెక్టర్‌ని చరిత్ర తెలిసినవాడిగా చెయ్యి. టేబుల్ దగ్గర ఎవరికైనా కార్మిర్ దేశం గురించి, డేల్స్ లోయల గురించి సందేహం వస్తే నువ్వే చెప్పు, నువ్వు చెప్పిందే ఖాయం చేస్తాను" అనండి. ఆయనకి తెలిసినదాన్ని ఎదిరించే బదులు పనిలో పెట్టేస్తున్నారు. మీకు చదివే పని కూడా తప్పుతుంది. నేను ఇలా చేసిన టేబుల్‌లో, ఒకప్పుడు ప్రతి పది నిమిషాలకీ "అలా కాదు కదా" అనే మనిషే, ఆర్నెల్లకి వేరేవాళ్ళతో "ఇక్కడ అలా కాదు, మన దాంట్లో ఇలా" అని చెప్పడం విన్నాను.

'మన దాంట్లో' అన్నాడు కదా. టేబుల్ మీద గట్టిగా చెప్పేసిన మాట మన దాంట్లో ఖాయం, పుస్తకం ఏమన్నా సరే. ఇంకా నోటితో అననిది మీ నలభై పేజీల్లో ఉన్నా ఇంకా మార్చుకోవచ్చు. సెషన్ అయిపోయిన వెంటనే, నిద్ర రాకముందే, ఆ రోజు బయటికి చెప్పినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఊరి పేరు, కాపలాదారు పేరు, వంతెన ఎవరు కట్టారు. ఆలస్యం చేస్తే ప్లేయర్లకి గుర్తుండి మీకు గుర్తుండదు. నేను ఒకసారి ఒక జమీందారుకి రెండు సెషన్లలో రెండు పేర్లు పెట్టాను. పట్టుకున్నారు. అప్పటికప్పుడు "అవును, ఎందుకు రెండు పేర్లో మీరూ కనుక్కోండి" అనేశాను. బయటపడ్డాను గానీ, అది ప్రతిసారీ పనిచేసే విద్య కాదు.

మార్చకూడనివి ఏమైనా ఉన్నాయా అంటే, మీ ప్లేయర్లు దేని కోసం వచ్చారో అది. డార్క్ సన్ ఆడదామని వచ్చినవాళ్ళకి లోహం కరువు, ఎండిన నేల లేకపోతే అక్కడికి ఎందుకు వచ్చినట్టు? "రెల్మ్స్ అంటే నీకు ముందు ఏం గుర్తొస్తుంది?" అని నలుగురినీ అడగండి. జవాబులు మీరు ఊహించినట్టు ఉండవు. ఒకళ్ళకి వాటర్‌డీప్ వీధులు, ఇంకొకళ్ళకి నేల అడుగున బతికే డ్రౌలు, మీ స్నేహితుడికి ఏ నవల్లోనో ఒక సన్నివేశం. ఆ నాలుగూ ముట్టుకోకండి, మిగతా ప్రపంచం మీ ఇష్టం.

దీనికి ఒక మినహాయింపు. పుస్తకంలో ఉన్నది ఎవరికైనా నిజంగా ఇబ్బంది కలిగించేదైతే దాన్ని కాపాడాల్సిన పని లేదు. ఆర్క్‌లు, డ్రౌలు లాంటి జాతులవాళ్ళు పుట్టుకతోనే చెడ్డవాళ్ళన్న పాత పద్ధతి నుంచి ప్రచురణకర్తలే 2020లో వెనక్కి తగ్గారు. బానిసత్వం లాంటివి కథలో ఉండాలా, ఉంటే ఎంత దూరం చూపించాలి అన్నది సెషన్ జీరోలోనే (ఆట మొదలవకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజు) మాట్లాడేసుకోండి. పది నిమిషాల పని.

ఇవన్నీ మీ టేబుల్ దగ్గర ఆడుకోవడానికే అని గుర్తుంచుకోండి. రేపు దీన్ని రాసి అమ్ముదామనుకుంటే లెక్క వేరు. రెల్మ్స్ పేర్లు, ఊళ్ళు వాడి అమ్మడానికి 2016లో మొదలైన డీఎమ్స్ గిల్డ్ అనే వెబ్‌సైట్ లాంటి దారి ఉంది, దాని షరతులు దానికి ఉన్నాయి.

మీ గేమ్ నాకిచ్చి మొదటి సెషన్ నడపమంటే ఇలా మొదలుపెడతాను. డేల్స్ నుంచి సెంబియాకి దిగే దారి, సాయంత్రం, వాన. నలుగురూ కాపలాకి కుదిరిన బండి మధ్యలో ఒక పొడవాటి పెట్టె. అందులో ఒక యువకుడు, కళ్ళ మీద రెండు రాగి నాణేలు. వెంట వస్తున్న ముసలి పూజారి పది రోజులకోసారి దిగి, చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషాలు ఏదో గొణిగి మళ్ళీ బండెక్కుతాడు. రేపు తెల్లవారితే పదో రోజు పూర్తవుతుంది. ఇప్పుడే పొదల్లోంచి వచ్చిన బాణం ఆ పూజారి మెడలో దిగింది. దొంగలు బండి మీదున్న సరుకు వైపు కన్నెత్తి చూడటం లేదు. నేరుగా పెట్టె దగ్గరికి వస్తున్నారు, వాళ్ళలో ఒకడు ఆ రెండు నాణేల కోసం చెయ్యి చాపాడు. ఎవరి వంతు ముందో తేలాలి, ఇనిషియేటివ్ వేయమనండి.